మీరు ఉన్నారన్నది మీ అభిప్రాయం మాత్రమే

రెండో యుద్ధనౌక కూడా లంగరు వేసిందని కబురు వచ్చేసరికి, తూర్పు సముద్ర వ్యవహారాల శాఖ సమావేశ మందిరంలో మొదటి నౌక ఉన్నదా లేదా అన్న చర్చ ఇంకా తేలలేదు.

కిటికీ తెర తీస్తే రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. విశాఖ బీచి రోడ్డు మీద జనం పిల్లల్ని భుజాలకెత్తుకుని చూపిస్తున్నారు. మొక్కజొన్న పొత్తులు కాల్చే బళ్ళన్నీ అటువైపే చేరాయి. నౌకల ఫిరంగులు మాత్రం బీచిని వదిలేసి, సరిగ్గా ఈ భవనం మూడో అంతస్తు వైపు తిరిగి ఉన్నాయి.

"యుద్ధనౌకలు అని రాయకమ్మా," అని మినిట్స్ రాస్తున్న స్టెనోని మందలించాడు శాఖ ప్రధాన తత్వ సలహాదారు డాక్టర్ నిష్ఠల వాచస్పతి. "మనకు యుద్ధనౌకలుగా గోచరిస్తున్నవి అని రాయి. తొందరపడి ఒక వస్తువుకి ఉనికి అంటగడితే తరువాత వెనక్కి తీసుకోవడం కష్టం."

ఆమె కొట్టేసి అలాగే రాసింది.

శాఖ కార్యదర్శి ధనుంజయ పాత్రో జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఆ గడువుకీ తనకీ మధ్య ఫిరంగులు వస్తాయని ఎన్నడూ అనుకోలేదు. పొద్దున్నే నౌకాదళం వాళ్ళు ఫోన్ చేసి, మీ శాఖ ఊఁ అంటే చాలు, తరిమేస్తామన్నారు. ఊఁ అంటే నౌకలు ఉన్నాయని ఒప్పుకున్నట్టేనని వాచస్పతి అడ్డుపడ్డాడు. ఉప సలహాదారు డాక్టర్ పెన్మెత్స రామభద్రరాజు మధ్యేమార్గంగా, సగం ఊఁ అందామన్నాడు. అది ఎలా అనాలో తేలక నౌకాదళం వాళ్ళని లైన్లోనే ఉంచారు. వాళ్ళు విసిగి పెట్టేశారు.

మొదటి నౌక నుంచి వైర్‌లెస్‌లో వచ్చిన సందేశం బల్ల మీద ఉంది. దానికి తత్వం అక్కర్లేదు.

"మేము ఉన్నాము. చూడండి. ఆ వాక్యం రాసినవాడి పేరు మా కాన్సల్ ఎదుట పైకి చెప్పండి. శనివారం పొద్దుగూకేలోగా చెబితే మీ జాలర్లు ఆరుగురినీ అక్కడే పడవలోకి దింపి పంపేస్తాము. చెప్పకపోతే గూఢచారుల కింద తీసుకుపోయి పదేళ్ళు ఉప్పు మళ్ళలో పనిచేయిస్తాము. ఇట్లు, మౌక్తిక ద్వీప గణతంత్రం."

ఆ ఆరుగురూ ఆ నౌక మీదే ఉన్నారు. బైనాక్యులర్స్‌లో చూస్తే ఒకడు తువ్వాలు ఊపుతున్నాడు.

*

ఇదంతా ఒక వానతో మొదలైంది.

అంతకు ముందు ఏడాది మన మంత్రిగారు చేపల ఎగుమతి సదస్సుకని ఐరోపా వెళ్ళారు. దారిలో వాన వస్తే తడవకుండా ఒక హాల్లోకి దూరారు. అక్కడ ఒక ముసలాయన ఏదో చెబుతున్నాడు. మంత్రిగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కవాళ్ళకీ అర్థమవుతున్నట్టు లేదు. అయినా ఉపన్యాసం అయ్యాక అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇద్దరు ఏడ్చారు. ముప్ఫై ఏళ్ళుగా జనానికి అర్థమయ్యేలా మాట్లాడి రాళ్ళు వేయించుకున్న మంత్రిగారికి ఆ హాల్లో జ్ఞానోదయమైంది.

తిరిగి వచ్చీ రాగానే, ఇకనుంచి ఈ శాఖ దౌత్యం చేయదు, ఐరోపా ఖండ తత్వాన్ని ప్రపంచ రాజకీయాలకు అన్వయిస్తుంది అని ప్రకటించారు. సలహాదారులను వేశారు. బోర్డులు మారాయి. విదేశీ అతిథుల విభాగం 'అన్యుల విభాగం' అయింది. పాస్‌పోర్టుల గది 'అస్తిత్వ విభాగం' అయింది. అక్కడ పాస్‌పోర్టు అడిగినవాళ్ళని ముందు మీరెవరు అని అడిగి, పేరు చెప్పగానే, అది కాదు, నిజంగా ఎవరు అని అడగడం మొదలుపెట్టారు. మ్యాపుల విభాగం వాళ్ళు సరిహద్దు అనేది కేవలం ఒక పాఠమనీ, పాఠాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు చదువుకోవచ్చనీ తీర్మానించి, జాలర్లకు ఇచ్చే సముద్రం మ్యాపుల మీద హద్దు గీత తీసేశారు.

గీత ఎక్కడుంది సార్ అని బోటు డ్రైవర్ సూరాడ దానయ్య అడిగితే, నీ మనసులో ఉందయ్యా అని చెప్పి పంపారు. దానయ్య మనసులో ఆ రోజు కోనాం చేపలు ఉన్నాయి. చేపల వెనకే వెళ్ళి ద్వీపం వాళ్ళ నీళ్ళలో తేలాడు.

ద్వీపం వాళ్ళు నిజానికి మర్యాదస్తులు. మీ బోటు దారితప్పి వచ్చింది, మనుషులు క్షేమం, అన్నం పెట్టాం, వచ్చి తీసుకెళ్ళండి అని చల్లగా రాశారు. దీనికి 'ధన్యవాదాలు, వస్తున్నాం' అని జవాబు రాస్తే సరిపోయేది. శాఖ నుంచి వెళ్ళిన జవాబులో ఒకటే వాక్యం ఉంది.

"మీరు ఉన్నారన్నది మీ అభిప్రాయం మాత్రమే."

చిన్న దేశం. మ్యాపులో ఎప్పుడూ మడత మీద పడే దేశం. ఎవరైనా తమను మరిచిపోతారేమోనన్న దిగులు వాళ్ళకి పుట్టుకతోనే ఉంది. ఆ వాక్యం వాళ్ళ పార్లమెంటులో పైకి చదివారట. ఆ తరువాత వాళ్ళకున్న నౌకలు రెండూ బయలుదేరాయి.

*

రాసిందెవరో కనిపెట్టే పని డి.ఎస్.పి. కింతలి అరుంధతి మీద పడింది. శ్రీకాకుళం మనిషి. దొంగనోట్లు, దొంగ బాబాలు, దొంగ కోనేరు తవ్వకాలు చూసిన మనిషి. గడువుకి నాలుగు రోజులున్నాయనగా పొద్దున్నే భవనానికి వచ్చి, ఆ జవాబు కింద సంతకం ఎవరిదో చూపించమని అడిగింది.

పాత్రో ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. ఈ కార్యాలయంలో సంతకాలు లేవన్నాడు. ఏ రచనకూ రచయిత ఉండడు, రచన తనను తానే రాసుకుంటుంది అని వాచస్పతి ఒక సర్క్యులర్ తెచ్చాడు. సిబ్బంది దాన్ని కళ్ళకద్దుకున్నారు. నలభై ఏళ్ళ సర్వీసులో అంత ఆనందంగా అమలైన సర్క్యులర్ మరొకటి లేదని పాత్రో ఒప్పుకున్నాడు. ఎవరు ఏం రాసినా రాసింది వాళ్ళు కాదు. హాజరు పట్టీ కూడా, లేకపోవడం అనేది ఉండటంలో మరో రూపం అన్న సూత్రం ప్రకారం, ఎప్పుడో తీసేశారు.

"అయితే ఇప్పుడు ఆఫీసులో ఎంతమంది ఉన్నారండీ?"

"ఏ అర్థంలో?" అన్నాడు పాత్రో. అని, తనే ఉలిక్కిపడ్డాడు. ఆ మాట ఆయన నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది.

అరుంధతి ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. టైపు చేసిన మనిషి, తన వేళ్ళు కదిలాయి గానీ కదిలించింది తను కాదన్నాడు. రామభద్రరాజు చేతులు కట్టుకుని, అపరాధం మానవాళి మొత్తానిదండీ ఆయ్, అందులో మీ వాటా కూడా ఉందండి అన్నాడు. వాచస్పతి అయితే ఎవరు రాశారు అని అడగడమే పాతకాలపు పోలీసు జబ్బని నవ్వాడు. ఆయన కుర్చీ వెనక గోడ మీద శాలువాలతో, పూలదండలతో దిగిన ఆయన ఫొటోలు పైకప్పు దాకా ఉన్నాయి. రచయిత లేడన్న సర్క్యులర్‌ను కూడా ఫ్రేము కట్టించి, పక్కన తన ఫొటో పెట్టుకున్నాడు. అరుంధతి ఆ గోడను కాస్త ఎక్కువసేపే చూసింది.

కింద లాబీలో దానయ్య భార్య పోలమ్మ కూర్చుని ఉంది. బోటు పట్టుబడిన రోజునుంచీ వస్తోంది. అన్యుల విభాగం వాళ్ళు ఆమెకు కుర్చీ వేసి, నిరీక్షణే మానవుడి మౌలిక స్థితి అని చెప్పి వెళ్ళారు.

"మా ఆయన్ని ఒగ్గీమని నాను అడుగుతంటే, ముందు నువ్వు అడుగుతున్నావో నేదో సూడాల అంటన్నారమ్మా," అంది పోలమ్మ అరుంధతితో. "పిచ్చాసుపత్రి ఇటేపు మార్సినారేటి?"

"నేదమ్మా, ఇది ఆఫీసే," అంది అరుంధతి. "నీకు కానీ, ఆలకి కానీ ఏటీ అవదు. నాను ఉన్నాను కదా."

పోలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వున్నావని ఈలు ఒప్పుకున్నారా మరి?"

*

అరుంధతి వెతుకుతుండగానే శాఖ తన సొంత విచారణ సంఘం వేసుకుంది. సంఘం ఒక్క పూటలో నివేదిక ఇచ్చింది. నేరస్థుడు భాష అని తేల్చింది. మనిషి భాషను వాడడు, భాషే మనిషిని వాడుతుంది కాబట్టి ద్వీపాన్ని అవమానించింది భాషేనని రాసి, భాష తరఫున క్షమాపణ జతచేసి నౌకకు పంపారు.

నౌక నుంచి జవాబు వెంటనే వచ్చింది. "భాషకు సంకెళ్ళు వేసి మాకు అప్పగించండి."

మర్నాడు సంఘం రెండో నివేదిక ఇచ్చింది. ఈసారి నేరస్థుడు చరిత్ర. దానికి నౌక ఒక ఫిరంగి పేల్చింది. అది ఉత్తి గుండు, నీళ్ళలోనే పడింది. కానీ మూడో అంతస్తు అద్దాలు పగిలాయి. పగిలిన అద్దాల గురించి రామభద్రరాజు అప్పటికప్పుడు ఒక వ్యాసం మొదలుపెట్టాడు. పాత్రో బల్ల కిందనుంచి, ఎవరో ఒకరి పేరు చెప్పేద్దాం, ఆఫీసు కారు డ్రైవర్ పేరు చెబుదాం అన్నాడు. డ్రైవర్ల యూనియన్ వాళ్ళకి ఆ మాట ఎలా తెలిసిందో, గంటలో ఆఫీసు కార్లన్నిటికీ గాలి తీసేశారు.

ద్వీపం కాన్సల్ ఓర్మిన్ తాలు ఇవన్నీ గేటు బయట టీ బడ్డీ దగ్గర నిలబడి వినేవాడు. విశాఖలో పదేళ్ళుగా ఉన్న సన్నటి, దిగులు మనిషి. తెలుగు బాగా వచ్చు. ఆయన్ని లోపలికి రానివ్వడం లేదు. ఆయన దేశం ఉనికి పరిశీలనలో ఉంది కాబట్టి సెక్యూరిటీ వాళ్ళు పాసు ఇచ్చేది లేదన్నారు.

శుక్రవారం పొద్దున్న అరుంధతి ఆయన పక్కన నిలబడి టీ చెప్పింది. రేపు మీ మీద రాసిన ఆ వాక్యానికి సన్మానం పెడుతున్నాను, మీరు ముందు వరసలో వైర్‌లెస్ సెట్టుతో కూర్చోవాలి అంది. మీ దేశం వాళ్ళు కోపం మరిచి ఆ వాక్యం లోతుకు ముగ్ధులైపోయారని చెబుతాను, మీరు కాదనకూడదంది.

తాలు టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అది అబద్ధం కదండీ?"

"వాళ్ళు మీ దేశమే అబద్ధమన్నారు, కాన్సల్ గారూ. దాని ముందు ఇది ఎంత."

ఆయన చాలా రోజుల తరువాత నవ్వాడు.

మధ్యాహ్నానికి, ద్వీపం వాళ్ళు ముగ్ధులైపోయారన్న మాటతో సహా, ఆహ్వానాలు అచ్చయ్యాయి. 'శతాబ్దపు వాక్యానికి పౌర సన్మానం.' బిరుదు, వాక్య సార్వభౌమ. శాలువా, జ్ఞాపిక, పూలదండ. సన్మాన గ్రహీత, డాక్టర్ పెన్మెత్స రామభద్రరాజు.

రామభద్రరాజుకి ఆ వాక్యంతో ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా అరుంధతి వెళ్ళి అంత గొప్ప వాక్యం మీరు తప్ప ఎవరు రాస్తారండీ అనగానే, అబ్బే, మనదేవుందండీ, అంతా పెద్దల ఆశీర్వాదమండి అంటూ తల వంచుకుని, శాలువా ఏ రంగో అడిగాడు. సాయంత్రానికి ఆ వాక్యం తనే రాశానని ఆయనకు నమ్మకం కుదిరిపోయింది. రాత్రికి దానికి రెండో భాగం ఆలోచిస్తున్నాడని ఇంట్లోవాళ్ళు చెప్పారు.

ఆహ్వానం చూసిన వాచస్పతి అరుంధతి గదికి వచ్చాడు. కూర్చోలేదు. సూత్రరీత్యా ఏ వాక్యానికీ రచయిత లేడని మొదలుపెట్టాడు. కానీ ఒకవేళ ఉన్నాడనుకుంటే, ఆ శైలి, ఆ బిగువు, ఆ నిర్దాక్షిణ్యం రామభద్రరాజు వల్ల అయ్యే పనేనా ఆలోచించమన్నాడు. ఆయన పెళ్ళి శుభలేఖ కూడా మూడు పేజీలు రాయించుకున్న మనిషన్నాడు.

"అయితే మీరు రాశారాండీ?" అంది అరుంధతి మామూలుగా.

వాచస్పతి పెదవులు కదిలాయి. తేరుకుని, ఆ ప్రశ్నే తప్పని చెప్పి వెళ్ళిపోయాడు. తలుపు మాత్రం గట్టిగా వేశాడు.

*

శనివారం సభ సముద్రం వైపు తెరుచుకునే డాబా మీద పెట్టారు. ఎదురుగా నౌకలు. వాటి వెనక ఎండకు మెరుస్తున్న నీళ్ళు. ముందు వరసలో కాన్సల్ తాలు, ఆయన ఒళ్ళో వైర్‌లెస్ సెట్టు, పక్కన పోలమ్మ. వాచస్పతి అదే వరస చివర చేతులు గట్టిగా కట్టుకుని కూర్చున్నాడు. రామభద్రరాజు వేదిక మీద పట్టు పంచెలో మెరిసిపోతున్నాడు.

అరుంధతి పథకంలో ఒక్క లోపం ఉంది. నేరస్థుల గురించి అంతా తెలిసిన ఆమె, మన సభల గురించి ఆలోచించడం మరిచిపోయింది.

శాలువా కప్పడానికి ముందు ప్రార్థన. జ్యోతి వెలిగించబోతే సముద్రపు గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించారు, మళ్ళీ ఆరింది. ఆరిన జ్యోతి వెలిగిన జ్యోతికన్నా అర్థవంతమని పాత్రో అధ్యక్షోపన్యాసం అందుకున్నాడు. ఆయన తరువాత ముఖ్య అతిథి. ముఖ్య అతిథి తరువాత విశిష్ట అతిథి. విశిష్ట అతిథి తరువాత ఆత్మీయ అతిథి. ప్రతివాడూ రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తానంటూ మొదలుపెట్టి, రామభద్రరాజు తాతగారి దగ్గరనుంచి వస్తున్నాడు. అరుంధతి చీటీలు పంపింది. వక్తలు వాటిని చూసి, శ్రోతల కోరిక కాబోలనుకుని ఇంకొంచెం వివరంగా చెప్పారు.

సూర్యుడు భవనాల వెనక్కి జారాడు. నౌకలో లంగరు గొలుసు కదిలిన చప్పుడు వినిపించింది. తాలు గడియారం చూసుకుని, అరుంధతి వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. నౌక మీద తువ్వాలు ఊపుతున్న మనిషి ఊపడం ఆపేశాడు.

ఆత్మీయ అతిథి ఆ తాతగారి కంచి యాత్ర గురించి ఎత్తుకునేసరికి పోలమ్మ లేచి నిలబడింది.

"బాబూ, పొద్దు దిగిపోతంది. ఆ గుడ్డేదో బేగి కప్పీండి. మిగతాది ఇంటికెల్లి సెప్పుకోండి."

అధ్యక్షుడు తడబడి, సన్మాన గ్రహీత స్పందన అన్నాడు. రామభద్రరాజు మైకు ముందుకు వచ్చి కళ్ళు మూసుకున్నాడు.

"ఆ వాక్యం నాకు బాత్రూంలో తట్టిందండి," అన్నాడు. "గీజరు పనిచేయట్లేదండి. చన్నీళ్ళు మీద పడగానే, మనం ఉన్నాం గానీ వేణ్ణీళ్ళు లేవు గదా అనిపించిందండి. అక్కణ్ణుంచి ద్వీపం మీదికి వెళ్ళిపోయానండి. అంతేనండి, ఆయ్."

చప్పట్లు మోగాయి. వాచస్పతి మెడ మీద నరం ఉబ్బింది. అరుంధతి వేదిక పక్కనుంచి సైగ చేసింది. పాత్రో శాలువా విప్పాడు. జరీ అంచు పట్టు శాలువా, సాయంకాలపు వెలుతురులో ధగధగలాడింది. రామభద్రరాజు భుజాలు వంచాడు. శాలువా గాల్లో పైకి లేచింది.

"ఆపండి," అన్నాడు వాచస్పతి.

ఆయన ఎప్పుడు వేదిక ఎక్కాడో ఎవరూ చూడలేదు. శాలువా రెండో కొస అప్పటికే ఆయన గుప్పిట్లో ఉంది. ఒక కొస పాత్రో, ఒక కొస వాచస్పతి, మధ్యలో తల వంచుకుని రామభద్రరాజు.

"ఆ వాక్యం ఈయనది కాదు. గీజరట, వేణ్ణీళ్ళట. ఏడు రాత్రులు నిద్రలేకుండా చెక్కిన వాక్యమది."

అరుంధతి నెమ్మదిగా మైకు ఆయన నోటి దగ్గరికి జరిపింది. "ఏ వాక్యానికీ రచయిత లేడని మీరే అన్నారు గదండీ డాక్టరు గారూ. శాలువా ఎవరి భుజాల మీద పడితే ఏముంది?"

"మిగతా వాక్యాలకు లేడు," అన్నాడు వాచస్పతి. "దీనికి ఉన్నాడు."

"ఎవరండీ?"

"నేను."

తాలు లేచాడు. వైర్‌లెస్ సెట్టు మీట నొక్కి పట్టుకుని వేదిక దగ్గరికి వచ్చి, చేయి చాచి నిలబడ్డాడు. సముద్రం మీద వెలుతురు ఇంకా ఒక్క చార మిగిలి ఉంది.

"నేను అంటే సరిపోదండి," అన్నాడు వినయంగా. "అటువైపు వింటున్నారు. పూర్తి పేరు చెప్పాలి."

జ్ఞాపిక మీద చెక్కడానికే అడుగుతున్నారనుకున్నాడు వాచస్పతి. శాలువాను రామభద్రరాజు మీదనుంచి లాగి తన భుజాలకు కప్పుకున్నాడు. కొసలు సమానంగా వచ్చేలా సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటా రెండు నౌకలకూ స్పష్టంగా వినపడేలా చెప్పాడు.

"డాక్టర్ నిష్ఠల వెంకట సూర్య సత్య వాచస్పతి, ఎం.ఏ., పిహెచ్.డి."